అణువు - పరమాణువు : నీటి సంఘటన నిర్ణయ చరిత్రము

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి బిడ్డలు రెండు భాషలలో చదువుకొందురు. ఇంటను, తెలుగు బడిలోను మాతృభాష. వీధిలోను, పై చదువులలోను ఆయా రాష్ట్రభాష. కావ్యపఠనమున ఈ ద్విభాషాజ్ఞానము లాభమే. రసాయనశాస్త్రపు తొలిపాఠముకడ మాత్రము ఒక చిక్కు వచ్చిపడును. తెలుగు పాఠ్యగ్రంథములలో మూలకము యొక్క కనిష్ఠ కణమునకు పరమాణువనియు, పరమాణువులు కూడి యేర్పడి స్వతంత్రముగ నుండగల కణమునకు అణువనియు పేరులు. కన్నడమునను, ఒడియాలోను ఇదే వ్యవస్థ. తమిళమున మనము పరమాణువనుదానినే ‘అణు’ అందురు. మనము అణువనుదానికి వారు ‘మూలక్కూఱు’ అను వేఱు పదమును కల్పించుకొనిరి. మరాఠీలో పరమాణువు ‘అణూ’, అణువు ‘రేణూ’. కావున బరంపురము తెలుగు విద్యార్థికిని, బళ్ళారి విద్యార్థికిని లేని యిబ్బంది హోసూరు విద్యార్థికిని, సోలాపూరు విద్యార్థికిని కలదు. నీటి అణువున మూడు పరమాణువులున్నవని తెలుగున నేర్చినవాడు, మూడు ‘అణు’వులు కూడిన ‘మూలక్కూఱు’ నీరని తమిళమున చదువును. రెండును సరియైన వాక్యములే. ఒకే మాట రెండింటను రెండు వస్తువులకు పేరగుచున్నది.

తెలుగునాట సయితము ఈ మాట నిలుకడగా లేదు. పత్రికలు అణుబాంబు, అణుశక్తి అని వ్రాయును. పాఠ్యగ్రంథ పరిభాషను పట్టుకొని చూచినచో ఆ శక్తి అణువునకు సంబంధించినదే కాదు. పరమాణువు యొక్క కేంద్రకమునకు సంబంధించినది.

ఇది వట్టి పదముల తగవు అని త్రోసివేయువారు కలరు. చరిత్ర వారి పక్షమున లేదు. 1808 మొదలు 1860 వఱకు, అనగా అర్ధశతాబ్దికి పైగా, ఐరోపా రసాయనవేత్తలు నీటిలో ఒక ఆమ్లజని పరమాణువునకు ఉదజని పరమాణువు ఒకటియా రెండా యను ప్రశ్నను అందఱికి సమ్మతమగునట్లు తేల్చలేకపోయిరి. తూకములు కలవు, కొలతలు కలవు, మేధకు కొఱత లేదు. అణువు, పరమాణువు అను రెండు భావములను విడదీసి వేఱువేఱు పేరులతో వ్యవహరించు అలవాటు మాత్రము లేకుండెను.

మన పదములు వైశేషిక దర్శనము నుండి వచ్చినవి. రెండు పరమాణువులు కూడి ద్వ్యణుకము, మూడు ద్వ్యణుకములు కూడి త్ర్యణుకము. కిటికీ సందున దూరిన ఎండలో తేలియాడు నలుసు త్ర్యణుకమనియు, దానికి అవయవములు కలవనియు తార్కికులు వాదించిరి. ఆంధ్రుడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు తన తర్కసంగ్రహ దీపికలో ఈ వాదమునే సంగ్రహముగ చెప్పెను. దీనినిబట్టి ప్రాచీనులకు నవీన రసాయనము తెలియునని చెప్పుట సాహసము. వారి పరమాణువు త్రాసున కెక్కలేదు. వారికి నీరు పంచభూతములలో ఒకటి. జలపరమాణువులు జలమునకు ప్రత్యేకించినవి. గ్రీకులకును నీరు నాలుగు మూలభూతములలో ఒకటియే. ఈ విషయమున తూర్పు పడమరలు ఒక్క త్రోవనే నడిచినవి.

ఆ నమ్మకము పదునెనిమిదవ శతాబ్దమున సడలెను. ఇంగ్లండున హెన్రీ కావెండిష్ 1766లో లోహములపై ఆమ్లములు పోసినపుడు వెలువడు మండువాయువును పరిశీలించి వర్ణించెను. 1774లో జోసెఫ్ ప్రీస్ట్లీ పాదరసపు ఎఱ్ఱని భస్మమును కాచి, దీపము మిక్కిలి ప్రకాశముతో మండు మఱియొక వాయువును పట్టెను. స్వీడనున షీలే ఆ వాయువును అంతకు పూర్వమే తయారుచేసెను గాని ఆయన గ్రంథము అచ్చగుటలో ఆలస్యమయ్యెను. 1781 ప్రాంతమున కావెండిష్ ఈ రెంటిని కలిపి విద్యుత్స్ఫులింగముతో మండించి, పాత్రలో మిగిలినది శుద్ధజలమని కనుగొనెను. మండువాయువు రెండు పాళ్ళు, ప్రీస్ట్లీ వాయువు ఒక పాలు. కొలత సరిగ వచ్చినది. ఆయన వ్యాఖ్య మాత్రము పాతదే: వస్తువులలో ‘ఫ్లోజిస్టన్’ అను దహనతత్త్వము దాగియుండునను సిద్ధాంతమును ఆయన విడువలేదు.

నీరు మూలకము కాదు, రెండు మూలకముల సంయోగమని స్పష్టముగ ప్రకటించినవాడు ఫ్రాన్సు దేశీయుడు అంత్వాన్ లవాజియే. 1783లో లాప్లాసుతో కలిసి ఆ వాయువులను మండించి నీటిని చేసెను. పిమ్మట మ్యూనియేతో కలిసి ఎఱ్ఱగా కాలిన ఇనుప తుపాకిగొట్టము గుండ నీటియావిరిని పంపి, ఇనుము త్రుప్పై ఒక భాగమును పట్టుకొనగా మిగిలిన మండువాయువును సేకరించెను. కూర్చి చూపుట, విడదీసి చూపుట రెండును జరిగినవి. 1787లో ఆయనయు, గితోన్ ద మోర్వో, బెర్తొలె, ఫుర్క్‌ర్వా అనువారును కలిసి రసాయన పరిభాషను క్రొత్తగా నిర్మించిరి. హైడ్రోజన్ అనగా నీటిని పుట్టించునది; ఆక్సిజన్ అనగా ఆమ్లమును పుట్టించునది. మన పండితులు చేసిన ఉదజని, ఆమ్లజని అనునవి వీనికి మక్కికి మక్కి తెలుగులు.

ఇచట ఒక మాట చెప్పవలసియున్నది. ఉదజని యను పేరు సార్థకము. ఆమ్లజని యను పేరున ఒక పాతపొరపాటు దాగియున్నది. ఆమ్లములన్నిటియందు ఆక్సిజన్ ఉండితీరునని లవాజియే తలచెను. ఉప్పు నుండి తీయు హైడ్రోక్లోరికామ్లమున అది యేమాత్రము లేదనియు, అందున్న క్లోరిన్ స్వయముగ మూలకమే యనియు 1810లో హంఫ్రీ డేవీ స్థాపించెను. అప్పటికి లవాజియే లేడు. 1794 మే 8న విప్లవప్రభుత్వము ఆయన తల తీయించెను. పేరు మాత్రము మారలేదు. కొన్ని ఐరోపా భాషలలో ఆ మాట గ్రీకుముసుగులో నుండుటచే తప్పు పైకి కనబడదు. తెలుగున ‘ఆమ్ల’ శబ్దము బయటనే యున్నది. నేటి పాఠ్యగ్రంథములు ఆక్సిజన్, హైడ్రోజన్ అని వ్రాయుట కెన్ని కారణములున్నను, మొదటిదానికి ఇదియు ఒక సమర్థనయే. ఫ్రెంచి పరిచయము గల యానాం పాఠకులు, నత్రజనిని ఫ్రెంచివారు నేటికిని ‘అజోత్’ అనుటను ఎఱుగుదురు. 

1800 సంవత్సరమున వోల్టా విద్యుద్ఘటమాల వార్త లండను చేరిన కొలది వారములకే నికల్సన్, కార్లైల్ అను ఇరువురు నీటిలో విద్యుత్తును ప్రవహింపజేసి వాయువులను వెలువరించిరి. ఒక తీగకడ ఉదజని, రెండవ తీగకడ ఆమ్లజని. ఘనపరిమాణమున మొదటిది రెండవదానికి రెట్టింపు. సంఘటనము తెలిసినది. సంఖ్య తెలియలేదు.

మాంచెస్టరున బడిపంతులుగ జీవించిన జాన్ డాల్టన్ 1803 నుండి పరమాణువులకు తూకము కట్టు యత్నమున నుండెను. 1808లో తన రసాయనతత్త్వ గ్రంథమును ప్రకటించెను. ఒక్కొక్క మూలకమునకు ఒక్కొక్క భారము గల పరమాణువు కలదనియు, అవి చిన్న పూర్ణసంఖ్యలలో కూడుననియు ఆయన మతము. నేటి కొలతలలో చెప్పవలెనన్న, నీటిలో 1 గ్రాము ఉదజనికి సుమారు 8 గ్రాముల ఆమ్లజని యుండును. ఒక్కొక్కటి చొప్పున కూడినవని తలచితిమా, ఆమ్లజని పరమాణువు ఉదజనికి ఎనిమిది రెట్లు బరువు. రెండు ఉదజనులకు ఒక ఆమ్లజని యని తలచితిమా, పదునాఱు రెట్లు. రెండు ఊహలకును తూకము సరిపోవును. త్రాసు ఈ వివాదమును తీర్చజాలదు. డాల్టన్ దీనికి ఒక నియమము చేసికొనెను: రెండు మూలకముల నడుమ ఒకే సమ్మేళనము తెలిసియున్నచో, అది ఒకటికొకటిగ కూడినదని గ్రహింపవలెను. ఆనాటికి నీరు తప్ప వేఱు తెలియదు గనుక నీరు ఒక ఉదజని, ఒక ఆమ్లజని. నడుమ చుక్కగల సున్న ప్రక్కన ఖాళీసున్న గీసి నీటికి గుర్తుగ చూపెను. ఆయన తూకములు కొంత మోటువగుటచే ఆ గ్రంథమున ఆమ్లజని భారము 8 కాక 7గ నున్నది. ఆ లోపము కాలక్రమమున దిద్దుకొనదగినది. నియమమునకు మాత్రము సులభత్వము తప్ప వేఱు ఆధారము లేదు. మఱియు డాల్టన్ నీటికణమును గూడ పరమాణువనియే, సంయుక్త పరమాణువని, పిలిచెను. రెండు భావములకు ఒక్క పేరు. చిక్కు అచట మొదలైనది.

పారిస్ నగరమున గేలుసాక్ 1808 చివర తన వాయుసంయోగ నియమమును చదివెను. రెండు పాత్రల ఉదజనియు, ఒక పాత్ర ఆమ్లజనియు కూడి రెండు పాత్రల నీటియావిరి యగును. వేడి, ఒత్తిడి సమముగ నున్నపుడు పాత్ర పాత్రకు కణముల సంఖ్య సమమని యూహించి, ఒక పాత్రలో నూఱు కణములనుకొందము. నూఱు ఆమ్లజని కణముల నుండి రెండువందల ఆవిరికణములు పుట్టవలెను; ఒక్కొక్క ఆవిరికణమున ఆమ్లజని యుండితీరవలెను. అనగా ఆమ్లజని కణము రెండుగ చీలవలెను. పరమాణువు చీలదే! డాల్టన్ ఈ విరోధమును చూచి, సమసంఖ్య యను ఊహనే కాక గేలుసాక్ కొలతలను సయితము శంకించెను.

చీలినది పరమాణువు కాదు, అణువు అని 1811లో చెప్పినవాడు ఇటలీలోని తూరిన్ ప్రాంతమునకు చెందిన అమెదియో అవగాద్రో. ఆమ్లజని వాయువున కణములు ఒంటి పరమాణువులు కావు, జంటలు. ఉదజనియు అట్లే. జంట విడిపోయి ఒక్కొక్క ఆమ్లజని రెండేసి ఉదజనులతో కూడగా నూఱు జంటల నుండి రెండువందల నీటికణములు వచ్చును. గేలుసాక్ కొలత నిలిచినది, పరమాణువు చీలలేదు, నీటిలో ఉదజని రెండని తేలినది. ఒక్క ప్రయోగమైనను క్రొత్తగా చేయకయే, ఉన్న కొలతలను సరిగా చదివి సాధించిన ఫలమిది. ఈ చరిత్రలో ఇంతకంటె సూక్ష్మమైన యోచన మఱియొకటి కానరాదు.

ఐనను ఆ వ్యాసము వ్యాపింపలేదు. దానికి భాషయు కొంత కారణమై యుండవలెను. అవగాద్రో ‘ఆటమ్’ అను మాటను వాడలేదు. లాటినున ‘చిన్నముద్ద’ యని యర్థమిచ్చు ‘మాలెక్యూల్’ అను ఒక్క మాటకే సమగ్రమనియు, ఘటకమనియు, మూలమనియు విశేషణములు తగిలించి అన్ని భావములను వ్యవహరించెను. నేడు చదువువారికి సయితము ఏది యెచట అణువో, ఏది పరమాణువో శ్రద్ధతో చూచినగాని తెలియదు. 1814లో ఆంపేర్ ఇట్టి యభిప్రాయమునే వెలిబుచ్చినను ఫలితము లేకపోయెను.

అంతకంటె బలమైన అడ్డు శాస్త్రపరమైనది. స్వీడన్ పండితుడు బెర్జీలియస్ పరమాణువులను కలుపునది ధన ఋణ విద్యుత్తుల ఆకర్షణ యని బోధించెను. అట్లైనచో ఒకే విద్యుత్తుగల రెండు ఆమ్లజనులు జంట కట్టుటెట్లు? విచిత్రమేమనగా బెర్జీలియస్ నీటిలో రెండు ఉదజనులనే గ్రహించెను. మూలకములకు అక్షరసంకేతములు పెట్టినవాడును ఆయనయే. ఫలమును గైకొని కారణమును త్రోసివేసెను. 1826 నుండి ఫ్రాన్సున ద్యూమా ఆవిరుల సాంద్రతలను కొలచి ఈ మార్గమున నడవజూచెను గాని, పాదరసము, గంధకము, భాస్వరము ఆయనను దారితప్పించినవి. ఆవిరిగ నున్నపుడు పాదరసము ఒంటికణము, భాస్వరము నాలుగేసి, గంధకము వేడిమినిబట్టి మాఱుచుండును. మూలకములన్నియు జంటలే యని తలచినవానికి లెక్క కుదురునా? ఆయన పరమాణువు మాటనే శాస్త్రము నుండి తొలగింపదలచెను. జర్మనీలో గ్మేలిన్ మున్నగువారు తుల్యభారములే చాలునని ఆమ్లజని 8, నీటిలో ఉదజని ఒకటి యను వ్రాతకు మరలిరి.

ఫలితము అరాచకము. ఒకే ద్రవ్యమును ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగ వ్రాయుచుండిరి. వినిగరునందలి అసిటికామ్లమునకు వాడుకలోనున్న పందొమ్మిది సాంకేతికములను కెకూలే 1861 నాటి తన పాఠ్యగ్రంథమున వరుసగ ముద్రించెను. విద్యార్థులపై జాలి కలుగును.

ఈ నడుమ నీటివిషయమున రసాయనక్రియ నుండియే ఒక సాక్ష్యము లభించెను. నీటిపై సోడియం వేసినచో ఉదజనిలో సగమే వెడలును. మిగిలిన సగము దాహకసోడాలో నిలుచును. ఒకే పరమాణువున్నచో సగమగుటెట్లు? 1850లో లండనున విలియమ్సన్ సారాయము, ఈథర్ అను ద్రవ్యములను నీటి నమూనాలో నిలిపిచూపెను. నీటిలోని ఒక ఉదజని స్థానమున ఎథిల్ సముదాయము వచ్చిన సారాయము. రెండింటి స్థానమునను వచ్చిన ఈథర్. రెండు స్థానములలో రెండు వేఱు సముదాయములను పెట్టి మిశ్రమ ఈథరులను గూడ ఆయన చేసెను. ఒక ఆమ్లజని కిరువైపుల రెండు చేతులున్నట్లు దీనివలన స్పష్టమయ్యెను.

1860 సెప్టెంబరు 3 మొదలు 5 వఱకు జర్మనీలోని కార్ల్స్‌రూ నగరమున రసాయనవేత్తల మహాసభ జరిగెను. కెకూలే, వూర్‌ట్స్, వెల్ట్సీన్ దానికి పూనిక వహించిరి. నూటికి మించిన పండితులు వచ్చిరి. సభ మొదట చేపట్టిన ప్రశ్న యిదియే: అణువు వేఱు, పరమాణువు వేఱు అని గుర్తింపవలెనా? ఒక పరిభాషాప్రశ్నకై అన్ని దేశముల శాస్త్రజ్ఞులు రైలుబండ్లెక్కి వచ్చి ఒకచోట కూడుట అదివఱకు లేదు.

అవగాద్రో 1856లోనే గతించెను. ఆయన పక్షమున నిలిచినవాడు స్తనిస్లావ్ కన్నిజారో, 1848 నాటి సిసిలీ విప్లవమున పాల్గొని ప్రవాసము అనుభవించినవాడు, అప్పుడు జెనోవాలో ఆచార్యుడు. విద్యార్థులకు పాఠము చెప్పు క్రమమునే 1858లో చిన్న పుస్తకముగ వ్రాసియుండెను. ఆ పద్ధతి బడిపిల్లలకు సయితము బోధపడును. ఉదజని అణుభారము 2 అని పెట్టుకొని, వాయుసాంద్రతలనుబట్టి తక్కినవాని అణుభారములను కట్టవలెను. హైడ్రోక్లోరికామ్లము 36.5, అందు ఉదజని 1. నీరు 18; అందు 2. అమ్మోనియా 17, అందు 3. ఎచటను ఒకటికంటె తక్కువ రాదు. కావున ఉదజని పరమాణువు 1. ఆమ్లజని నీటిలో 16, కార్బన్ మొనాక్సైడున 16, కార్బన్ డయాక్సైడున 32. ఎచటను 16 కంటె తక్కువ రాదు; కావున ఆమ్లజని పరమాణువు 16. నీరు రెండు ఉదజనులు, ఒక ఆమ్లజని. అంతే.

సభ ఏ తీర్మానముతోను ఎవ్వరిని బంధింపక ముగిసెను. ముగియుచుండగా కన్నిజారో మిత్రుడు పవేసీ ఆ పుస్తకపు ప్రతులను పంచెను. జర్మన్ యువకుడు లోథార్ మేయర్ దానిని చదివి, కన్నులకు కమ్మిన పొరలు తొలగిపోయినట్లు తోచినదని తరువాత వ్రాసెను. సభకు వచ్చిన మఱియొక యువకుడు మెండలేయెవ్. క్రొత్త పరమాణుభారములు లేనిచో ఆయన 1869లో కూర్చిన మూలకముల పట్టిక కుదిరెడిది కాదు.

సంఖ్య తేలినపిదప ఆకారము ప్రశ్న మిగిలెను. 1865లో హోఫ్‌మన్ లండనున రంగుబంతులను కడ్డీలతో గ్రుచ్చి అణువుల నమూనాలను చూపెను. ఉదజనికి తెలుపు, ఆమ్లజనికి ఎఱుపు. నేటి పాఠశాలలలోను అవియే. ఆయన నమూనాలు బల్లపరుపుగ నుండెడివి. 1874లో వాంట్‌హాఫ్, లెబెల్ కర్బనపు నాలుగు బంధములు చతుర్ముఖమూలలవైపు చూచునని చెప్పుటతో అణువునకు మూడవ కొలత వచ్చెను. నీటిలో ఆ రెండు చేతులు తిన్నగ చాచియున్నవా, వంగియున్నవా? విద్యుత్తు చెప్పెను. అణువులయందలి ధన ఋణ ధ్రువముల యెడమును కొలచు మార్గమును 1912లో డిబై తెరచెను. తిన్నగనున్న కార్బన్ డయాక్సైడు అణువున ఇరువైపుల లాగుడు సరిపోయి ధ్రువత్వము సున్న. నీటికి 1.85 డిబైలు. కావున నీరు వంగియున్నది. వంపు 104.5 డిగ్రీలు, ఉదజనికి, ఆమ్లజనికి నడుమ దూరము మిల్లీమీటరులో కోటివంతు కంటెను కొంచెము తక్కువ. 1957లో గిలెస్పీ, నైహోమ్ ఈ వంపునకు సులభమైన కారణము చెప్పిరి: ఆమ్లజనిపై బంధములలో లేని రెండు ఎలక్ట్రాను జంటలు బంధములను ఒత్తివేయుచున్నవి. మంచుగడ్డ నీటిపై తేలుటకును ఈ వంపే మూలము. గడ్డలో ఒక్కొక్క అణువు నలుగురు పొరుగువారిని మాత్రమే పట్టుకొని నడుమ ఖాళీలు విడుచును.

అణువు నాకారమును కనిపెట్టు మఱియొక మార్గమున తెలుగువారి కృషి కలదు. బాల్యమున విశాఖపట్టణమున చదివిన చంద్రశేఖర వేంకట రామన్ 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో తన కాంతిపరిక్షేప ఫలితమును కనుగొనెను. అణువు కంపించు తీరును చెదరిన కాంతి వర్ణభేదముగ చెప్పును. రామన్ శిష్యుడు సూరి భగవంతం వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఈ పరిశోధనను కొనసాగించెను. ఆయనయు టి. వేంకటరాయుడును కలిసి వ్రాసిన సమూహసిద్ధాంత గ్రంథము 1948లో ఆ విశ్వకళాపరిషత్తు పక్షముననే వెలువడెను. అణువు సౌష్ఠవము తెలిసినచో దాని కంపనములలో ఏవి రామన్ వర్ణపటమున కనబడునో, ఏవి పరారుణ వర్ణపటమున కనబడునో గణితముచే ముందుగనే చెప్పు మార్గము అందు కలదు. దానిని తిరుగవేసి, కనబడిన రేఖలనుబట్టి ఆకారమును నిర్ణయింపవచ్చును.

కార్బన్ డయాక్సైడునకు నడుమ సౌష్ఠవకేంద్రము కలదు. అందుచే రామన్ పటమున కనబడు కంపనము పరారుణమున కనబడదు, అట కనబడునది ఇట కనబడదు. నీటియావిరికి మూడు కంపనములు: సెంటీమీటరునకు 1595, 3657, 3756 తరంగములు. ఈ మూడును రెండు విధముల వర్ణపటములకును అర్హములే. తిన్నని అణువున కిది చెల్లదు.